చలిపెట్టె వెంట చెన్నై రేవుదాకా

అనంతపురం బస్టాండులో హిందూపురం బస్సు ఎక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మార్చి నెల ఎండ. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉందంటే ఎందుకుందో ఈ బస్సుల్లో తిరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎండ అటువైపే పడుతుంది. తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని అక్కడే కూర్చున్నాను.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. దినపత్రికలో పనిచేసిన ఇన్నేళ్లలో ఈ జిల్లా నుంచి నేను పంపిన వార్తల్లో సగానికి పైగా రాని వాన గురించే. ఎండిన బోర్లు, పశుగ్రాసం శిబిరాలు, బెంగళూరు పోయే వలస బస్సులు. అలాంటిది చిలమత్తూరు దగ్గరి పల్లె నుంచి నాగప్ప అనే దానిమ్మ రైతు ఫోను చేసి, "అన్నా, మన కాయ ఓడెక్కుతాండాది. బండెంబడి రేవు దాకా నేనూ పోతాండా. నువ్వు రారాదా, చూసి రాస్తువు" అన్నాడు. బోర్ల మీద కథనం రాసినప్పుడు అతని తోట చూశాను. రెండు వేసవులు ట్యాంకరు నీళ్లు పోసి చెట్లను బతికించుకున్న మనిషి. నీళ్ల గురించి రాసిన చేత్తో కాయ గురించీ రాయాలనిపించింది.

హిందూపురంలో బస్సు మారి చిలమత్తూరు బస్సెక్కాను. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి ఎక్కడికని అడిగాడు. చెప్పాను. దానిమ్మకాయలు చల్లటి పెట్టెలో, సముద్రం మీద, మూడు వారాల పైన ప్రయాణం చేసి యూరప్ వెళతాయని విని కాసేపు ఆలోచించాడు.

"కాయకు ఏసీ బండా? మా ఇంట్లో ఫ్యానే తిరగదు గదప్పా" అన్నాడు. ముందు సీటులోని ఆడవాళ్లు నవ్వారు.

నేను చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి బయట, కాయను గ్రేడు చేసి పెట్టెల్లో సర్దే రేకుల షెడ్డు ముందు, తెల్లటి కంటెయినర్ ఒక ట్రైలరు మీద నిలబడి ఉంది. ఊరివాళ్లు దాన్ని చలిపెట్టె అంటున్నారు. దాని తలుపులకు పసుపూ కుంకుమా, టైర్ల కింద నిమ్మకాయలూ పెట్టారు. లోడింగు అప్పటికే అయిపోయింది. కస్టమ్స్ అధికారి వచ్చి సీలు వేసి, ఎగుమతి కంపెనీ మనిషితో కలిసి జీపులో వెళ్లిపోయాడు. నాగప్ప ఆ సీలును నాకు చూపించాడు. బొటనవేలంత లావు ఇనుప బోల్టు, దాని మీద నంబరు.

"ఇది మధ్యలో తెగిందంటే రేవులో దొంగసరుకు కింద లెక్క అంట. పెండ్లాం మెళ్లో తాళి కూడా ఇంత గట్టిగా చూసుకోల్యా నేను."

ఈ ప్రయత్నం నాగప్పదే. ఇంతకాలం బెంగళూరు వ్యాపారులు తోట మీదికే వచ్చి, వాళ్లు చెప్పిన ధరకు కాయ తెంచుకుపోయేవారు. చెన్నైలో సుందరం అనే ఎగుమతిదారు ఒక కంటెయినర్ పంపి చూద్దామన్నాడు. కాయ బాగా చేరితే ఏటా తీసుకుంటానన్నాడు. నాగప్ప ఆరు ఇళ్లు తిరిగి, అందరినీ ఒప్పించి, వ్యాపారులకు కాయ ఇవ్వకుండా ఆపించాడు. వ్యాపారులు అలిగి ఈసారి ఊరివైపు చూడలేదు.

"ఇది కుళ్లిందనుకో, నా మాట మీద ఈ ఊర్లో ఇంకెవడూ ఒక్క పెట్టె గూడా ఎత్తడు. ఆ బెంగళూరోళ్ల కాళ్లు పట్టుకోవల్ల మళ్లా" అన్నాడు.

రాత్రికి సంగటి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి. షెడ్డులోనే పడుకున్నాం. బయట చలిపెట్టె జనరేటరు మోత ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

తెల్లవారుజామున బయలుదేరాం. డ్రైవరు బాబాజాన్ హిందూపురం మనిషి, నలభై దాటినవాడు. క్యాబిన్‌లో మేం ముగ్గురమే. పగటిపూట బెంగళూరు ఊళ్లోకి పెద్ద బండ్లను రానివ్వరని చింతామణి, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా పోదామన్నాడు. ఈ దారిన బస్సులో వెళ్లేవాళ్లకు ఒక మాట: కొడికొండ చెక్‌పోస్టు దాటాక చింతామణి వరకు మంచి హోటలు కనిపించదు, ఏదైనా కట్టుకుని వెళ్లడం మేలు.

బండి కదిలే ముందు బాబాజాన్ నన్ను కంటెయినర్ ముందు భాగానికి తీసుకుపోయి చిన్న అద్దం చూపించాడు. అందులో ఎర్ర అంకెలు.

"ఈ మీట నొక్కితే లోపలికి పోయే గాలి. ఐదు డిగ్రీలు. ఇంకోసారి నొక్కితే కాయల మీద తిరిగి వెనక్కొచ్చే గాలి. ఆరు. ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉంటే అంతా ఖుషీ."

చెక్‌పోస్టులో కాగితాలు చూపించి కర్ణాటకలో అడుగుపెట్టాం. చింతామణిలో ఇడ్లీ తిని వచ్చేసరికి ఎండ ముదురుతోంది. బాబాజాన్ మీట నొక్కాడు. పోయే గాలి ఐదే. వచ్చే గాలి ఏడు.

"ఎండెక్కితే ఒక్క పాయింటు ఎక్కుతాది. మామూలే" అన్నాడు.

ముళబాగిలు దగ్గర ఎనిమిది.  బండి ఆగిన ప్రతిచోటా నాగప్ప దిగి, ముందుకు పోయి, ఆ అంకెను చూసి, ఏమీ చెప్పకుండా వచ్చి కూర్చునేవాడు. ఇద్దరు మనుషులు ఒక అంకె గురించి భయపడుతూ దాని పేరెత్తకుండా ప్రయాణం చేయడం ఎలా ఉంటుందో ఆ దారిలో చూశాను. బాబాజాన్ పాట పెట్టాడు, కాసేపటికి తనే ఆపేశాడు. మొగిలి ఘాట్ దిగుతుంటే బ్రేకుల వాసన వచ్చింది. కింద నీడలో ఆపి చూశాం. తొమ్మిది.

"మిషన్‌లో ఏమన్నా పోయిందేమో చూడప్పా" అన్నాడు నాగప్ప.

"మిషన్ పోతే పోయే గాలి కూడా వేడెక్కాల. అది ఐదు మీదనే ఉండాది గదా."

చిత్తూరు దగ్గర డాబా ముందు బండి ఆపి బాబాజాన్ జనరేటరు చూశాడు, డీజిలు చూశాడు, ఫ్యాను మోత విన్నాడు. అన్నీ బాగున్నాయి. బండి చుట్టూ తిరుగుతూ వెనక మూలకు పోయి వంగాడు. కంటెయినర్ నేల మూలల్లో, లోపల చేరిన తడి బయటికి కారడానికి చిన్న గొట్టాలుంటాయి. ఒకదాంట్లోంచి నీటిబొట్టుతో పాటు ఏదో వేలాడుతోంది. రెండు వేళ్లతో పట్టి లాగాడు. తడిసిన గడ్డిపోచ.

"నాగన్నా, ఇదేంది?"

నాగప్ప దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"గడ్డి పరిచినాం" అన్నాడు చివరికి.

అప్పుడు విషయం బయటపడింది. మా జిల్లాలో చీనీకాయ, అంటే బత్తాయి, లారీకి ఎత్తే ముందు కింద మందంగా వరిగడ్డి పరుస్తారు. గుంతల రోడ్లలో కాయ కదలకుండా, దెబ్బ తగలకుండా ఆ పరుపే కాపాడుతుంది. పరుపు లేకుండా లోడెత్తినవాణ్ణి మండీలో నవ్వుతారు. కంటెయినర్ ఊరికి వచ్చి తలుపులు తెరిచినప్పుడు నాగప్పకు కనిపించింది నున్నటి నేల కాదు. ముందు నుంచి తలుపు దాకా పొడుగునా గాడులు తీసిన అల్యూమినియం నేల. దాని మీద పెట్టెలు పెడితే అదురుకు కాయ దెబ్బతింటుందనుకున్నాడు. కంపెనీ మనిషి అధికారిని పిలుచుకురావడానికి హిందూపురం వెళ్లిన వేళ, ఇంట్లోని గడ్డి తెచ్చి గాడులన్నీ నింపించాడు. అతను తిరిగొచ్చేసరికి నేల మీద పెట్టెలు లేచాయి. కింద ఏముందో ఎవరూ చూడలేదు.

"ఆ గాడుల్లోంచే గదన్నా చల్లగాలి పోవల్ల!" బాబాజాన్ గొంతు లేచింది. "కింద నుంచి పోయి, పెట్టెల మధ్య పైకొచ్చి, తిరిగి రావల్ల. నువ్వు గొంతులో గుడ్డ కుక్కినట్ల కుక్కినావు. ఎద్దులకు ఏయాల్సిన గడ్డి ఏసీకి ఏసినావు గదయ్యా!"

"ఎద్దులకని తెచ్చిందేలే అది" అన్నాడు నాగప్ప నెమ్మదిగా. "మా అక్కోళ్లది శింగనమల. చెరువు కింద వరి. ఈ యేడు ఆడ తప్ప యాడా గడ్డిల్యా. ఎద్దుల నోటికాడిది తీసి దీని కింద పరిస్తి. మంచిదనుకుంటి."

ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. నాగప్ప క్యాబిన్ దగ్గరకు పోయి, సీటు కింది ఇనుప రాడ్డు తీసుకుని నేరుగా వెనక తలుపు దగ్గరకు నడిచాడు. బాబాజాన్ అడ్డం పరిగెత్తాడు.

"యాడికి?"

"తెరుస్తా. లోపల ఏడిళ్లోళ్ల కాయ చచ్చిపోతాంటే చూస్తా కూచోమంటావా?"

"సీలు తెంచితే నా బండి జప్తు, నా లైసెన్సు పాయె, నీ కాయ రేవు గేటు గూడా చూడదు. మనిద్దరమూ లోపల. ఈ సారు బయటుండి మన పేర్లు పేపర్లో ఏస్తాడు."

"నువ్వు పక్కకు జరుగు బాబన్నా."

"జరగను."

ఇద్దరూ ఆ రాడ్డును చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. డాబాలో తింటున్నవాళ్లు లేచి చూస్తున్నారు. సుందరానికి ఫోను చేసి అతను ఏమంటే అది చేద్దామని నేనన్నాను. నాగప్ప వేళ్లు వదులయ్యాయి.

అప్పట్లో సెల్‌ఫోన్లు ఊరు దాటితే మూగపోయేవి. ఎస్టీడీ బూతులో నాగప్ప జరిగింది దాచకుండా చెప్పాడు. సుందరం గొంతు నాకూ వినిపించింది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

"సీలు మీద చెయ్యి వేయొద్దు. చలి ఇంకా పెంచొద్దు, ముందర ఉన్న కాయ గడ్డకట్టిపోతుంది. నేరుగా మా యార్డుకు రండి. రేపు పొద్దున అధికారి ముందర తెరుద్దాం. అక్కడి దేశంలో దిగినప్పుడు లోపల ఒక్క గడ్డిపోచ కనిపించినా మొత్తం సరుకు వెనక్కే. మూడు గంటలకు ఓడకు గేటు మూస్తారు. ఇంకో ఓడ వారం తర్వాత."

ఇలా వేడెక్కాక ఇంకో వారం ఆగే కాయ కాదది. 

రాణిపేట దాటి, శ్రీపెరుంబుదూరు దాటి, చెన్నై శివారులోని కంటెయినర్ యార్డుకు చేరేసరికి దీపాలు పెట్టారు. చలిపెట్టెకు యార్డు కరెంటు తగిలించారు. వచ్చే గాలి పది. నేను దగ్గరి లాడ్జిలో గది తీసుకున్నాను, నాగప్పను రమ్మన్నాను. రాలేదు. మర్నాడు నేను వచ్చేసరికి కంటెయినర్ తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు.

"తలుపు కూడా చల్లగా లేదన్నా" అన్నాడు.

"తలుపు మందం జానెడు. చల్లగా ఉంటేనే భయపడాల. నీకు ఎవరు చెప్పినారప్పా ఇవన్నీ?" అన్నాడు బాబాజాన్ టీ అందిస్తూ. నిన్నటి కోపం లేదు. రాత్రంతా అతనూ అంకెలు చూస్తూనే ఉన్నాడని కళ్లు చెబుతున్నాయి.

అధికారి తొమ్మిదికి వస్తానని పదిన్నరకు వచ్చాడు. కాగితాలు చదివి, సీలు నంబరు సరిచూసి, కత్తిరించమన్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. లోపలి నుంచి చల్లగాలి మొహాన కొట్టాలి. కొట్టలేదు. బావిలోకి తొంగిచూసినప్పుడు తగిలేపాటి చలువ, దానిమ్మ వాసన. తలుపు దగ్గరి పెట్టెలకు చెమట పట్టింది. అప్పటికే వచ్చి ఉన్న సుందరం ఒక పెట్టె విప్పి కాయను అరచేతిలో పట్టుకున్నాడు. నొక్కి చూసి తిరిగి పెట్టాడు.

"మొత్తం దించాలి" అన్నాడు. "దించి, గడ్డి తీసి, మళ్లీ ఎక్కించాలి. సాయంత్రం అవుతుంది. గేటు మూడుకు."

దించిన పెట్టెలు పెట్టడానికి చల్లటి గది కూడా లేదు. ముందు రేకుల నీడ, దాని అవతల ఎండ. నాగప్ప అవేవీ వింటున్నట్లు లేడు. మోకాళ్ల మీద కూర్చుని తలుపు దగ్గర గాడి కొసలో వేలు పెట్టి వెతుకుతున్నాడు.

"దించే పనిల్యా సార్. ఇది విడిగడ్డి కాదు. ఎంటి పేని పెట్టినాం."

ఎంటి అంటే గడ్డితో పేనిన తాడు. మోపులు కట్టడానికి రాయలసీమ రైతు చేతులు మాటల మధ్యనే పేనేస్తాయి. విడిగడ్డి అయితే అదురుకు ఒకచోటికి చేరి కుప్పపడుతుందని, గాడికొక తాడు పేని, ఈ కొస నుంచి ఆ కొసదాకా పరిచారట. పెట్టెల బరువు గాడుల గట్ల మీద ఉంది, తాడు మీద లేదు.

కొస దొరికింది. నాగప్ప రెండు చుట్లు చేతికి చుట్టుకుని లాగాడు. కదల్లేదు. బాబాజాన్ వెనక చేరాడు. ఒక్కసారిగా జారింది. తర్వాత మూర తర్వాత మూర, తడిసి నల్లబడిన తాడు వచ్చేస్తూనే ఉంది. అధికారి చేతిలో కాగితాలు పట్టుకుని పుట్టలోంచి పాము వస్తున్నట్లు చూస్తూ నిలబడ్డాడు.

"నిదానంగా, తెగుతాది! తెగుతాది!"

నేనూ ఒక తాడు కొస పట్టుకున్నాను. తలుపు వైపు నుంచి లాగడం, వెనక్కి నడవడం, చుట్ట చుట్టి పక్కన పడేయడం. ఒక తాడు సగంలో పటుక్కున తెగింది. నాగప్ప నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. ఇంకొకటీ తెగింది. ఆ రెంటి కోసం ఎడమపక్క పెట్టెలు సగం దాకా దించక తప్పలేదు. యార్డు కూలీలు, బాబాజాన్, కొక్కెం వంచిన పొడుగు కడ్డీ. చివరి ముక్క బయటికి వచ్చినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ గడియారం చూశారు. పన్నెండున్నర.

అధికారి నేల మీద వంగి గాడిగాడిలోకీ టార్చి వేసి చూశాడు. సుందరం తలుపు దగ్గరి వరుసలు పక్కన పెట్టించాడు. అవి ఓడకు పనికిరావు. దించిన మిగతావి మళ్లీ ఎక్కించారు. ఖాళీ అయిన నేలను అట్టలతో కప్పి, పెట్టెలు జారకుండా చెక్కలు బిగించారు. పక్కన పెట్టిన పెట్టెల మీది గుర్తులు చూసి నాకు అనుమానం వచ్చింది.

"ఇవి ఎవరివి నాగప్పా?"

"నావే. పిలిచినోడు ముందు తినగూడదు గదన్నా. అందరివీ ఎక్కినాకే నావి ఎక్కిచ్చినా. అందుకని తలుపుకాడ పడినాయి." పెట్టె మీది తడి తువ్వాలుతో తుడిచి, "ఇట్ల పోతే ఇట్ల పోయినాయి. ఆరిళ్లోళ్లవి లోపల ఉండాయి" అన్నాడు.

కొత్త సీలు పడింది. రేవుకు పోయే రోడ్డు మీద కంటెయినర్లు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా నిలబడ్డాయి. బండి పది గజాలు కదలడం, ఆగడం. ఆగినప్పుడల్లా నాగప్ప దిగి ముందుకు పోయేవాడు. తొమ్మిది. మళ్లీ ఆగింది. తొమ్మిదే. పక్క లారీ తమిళ డ్రైవరు ఇతను మాటిమాటికీ దిగి పరిగెత్తడం చూసి, కడుపులో బాగాలేదా అని సైగతో అడిగాడు. బాబాజాన్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

రెండున్నరకు గేటు కనిపించింది. వచ్చే గాలి ఎనిమిది. పాసు డ్రైవరుకే ఉంది. నాగప్పా నేనూ దిగిపోయాం. బండి లోపలికి పోయి మలుపు తిరిగింది. ఎదురుగా టీకొట్టు బెంచి మీద కూర్చున్నాం. మూడయింది. గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి వెనకొచ్చిన బండిని ఆపేశారు. మాది లోపలే ఉంది. లోపలున్నంత మాత్రాన తీసుకున్నట్లా అని ఇద్దరికీ అనుమానమే. నాగప్ప టీ మీద మీగడ కట్టింది.

నాలుగు దాటాక బాబాజాన్ నడుచుకుంటూ వచ్చాడు.

"దించుకున్నారు. ఓడ పక్కనే కరెంటు పెట్టినారు. ఏడు" అని బెంచి మీద కూలబడ్డాడు. "ఈసారి నన్ను పిలిచేముందు మీ ఊర్లో గడ్డంతా కాల్చెయ్యి నాగన్నా."

తిరుగు ప్రయాణానికి ఆ సాయంత్రమే తిరుపతి, మదనపల్లె, కదిరి మీదుగా హిందూపురం పోయే బస్సు దొరికింది. నాగప్ప చేతిలో ఒక గోనెసంచి. కండక్టరు దాన్ని తన్ని చూశాడు.

"ఏముందప్పా ఇందులో?"

"గడ్డి."

"మెడ్రాసు నుంచి గడ్డి మోసుకుపోతాండావా? అంత కరువొచ్చిందా మీ పక్క?"

"వచ్చింది" అన్నాడు నాగప్ప. బస్సంతా నవ్వింది, అతనూ నవ్వాడు. సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని మదనపల్లె దాకా నిద్రపోయాడు.

తెల్లవారాక కదిరి బస్టాండులో దిగాం. నేను అనంతపురం బస్సు పట్టుకోవాలి, అతని బస్సు అరగంట ఆగుతుంది. బూతు నుంచి సుందరానికి ఫోను చేసి వచ్చాడు. పెట్టె ఓడ మీదికి ఎక్కిందట. వచ్చే గాలి ఆరు. ఇకమీద సముద్రం చేతిలో ఉంది.

"ఊళ్లో ఏం చెబుతావు?" అని అడిగాను.

"జరిగింది చెప్తా. గడ్డి తీసింది నేనేనని చెప్తే ముందు పెట్టింది కూడా నేనేనని చెప్పల్ల గదా."

సంచి మూతి విప్పి ఒక తాడు బయటికి తీశాడు. యార్డులో నేను పట్టుకున్నప్పుడు తడిసి చల్లగా ఉన్న తాడు ఇప్పుడు మామూలు గడ్డి. బస్టాండులో తిరుగుతున్న మేక ఒకటి వాసన పట్టి వచ్చి మూతి పెట్టింది. నాగప్ప దాన్ని మోచేత్తో తోసి సంచి మూతి బిగించాడు.

"ఆగే నీయమ్మ. ముందు మా ఊరోళ్లు చూడల్ల, చలిపెట్టెలో ఇది పెట్టకూడదని. ఆ మీదట ఎద్దులు. నీ వంతు ల్యా."

ఈ జిల్లాలో గడ్డి గురించి చాలా వార్తలు రాశాను. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో దిగిన గడ్డి, చాలని గడ్డి, మనుషులు పోట్లాడుకున్న గడ్డి. పశువు నోటి దగ్గరిది తీసి పండు కింద పరచడం ఇక్కడి రైతుకు తెలిసిన పెద్ద మర్యాద. ఆ మర్యాదే పండును చంపబోయింది. పేనిన చెయ్యే దాన్ని బయటికి లాగింది. హిందూపురం బస్సు కదిలింది. వెనక కిటికీలోంచి నాగప్ప చెయ్యి ఊపాడు. రెండో చెయ్యి సంచి మీదే ఉంది.